కొమ్ము మొలిచిన పిల్లి పుదీనా

మా కంచెర్లపూడి పురపాలక సంఘం దోమల విషయంలో ఏమీ చేయలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చేసిన ప్రతి పనికీ ఫ్లెక్సీ వేసింది నేనే కాబట్టి నాకు తెలుసు. "దోమలపై దండయాత్ర" అని వేశాను. "దోమ రహిత కంచెర్లపూడి" అని వేశాను. "దోమా, ఇక నీకు సెలవు" అని నేరుగా దోమనే ఉద్దేశించి ఒకటి వేశాను. దోమలు ఆ ఫ్లెక్సీల వెనక నీడపట్టున కాపురాలు పెట్టి పిల్లాజెల్లాతో సుఖంగా ఉన్నాయి. మురుగు కాలువ మాత్రం ఎవరూ తీయలేదు. అయినా కాలువ తీస్తే దాని మీద కమిషనర్ గారి ఫోటో ఎక్కడ పెడతారు?

నా పేరు గోవర్ధనం. బస్టాండు పక్కన హైమా డిజిటల్స్ నాదే. ఇచ్చిన మేటర్ ఇచ్చినట్టు ప్రింటు తీయడం నా వృత్తి. అందులో అర్థం ఉందా అని చూడడం నా పని కాదు. ఈ ఒక్క నియమం పాటించబట్టే ఊళ్లో అన్ని పార్టీలవాళ్లకూ కావలసినవాణ్ణయ్యాను.

హైమా అంటే మా ఆవిడ హైమావతి. ఆవిడ మాత్రం ప్రతిదాంట్లోనూ అర్థం వెతికే మనిషి. మాకు పిల్లల్లేరు, పిల్లి ఉంది. దాని పేరు తాసీల్దారు. పేరు ఆవిడే పెట్టింది. ఊరందరూ పనుల మీద తిరిగి అలిసిపోయే వేళకు ఆ పిల్లి ఎక్కణ్ణుంచో వస్తుంది. వంటిల్లంతా ఒకసారి తనిఖీ చేస్తుంది. పాలూ పెరుగూ స్వీకరించి నా కుర్చీలో పడుకుంటుంది. ఎవరు పిలిచినా ఒక కన్ను సగం తెరిచి, మనిషిని ఎగాదిగా చూసి, మళ్లీ మూసుకుంటుంది. సాయంత్రం ఎవరితోనూ చెప్పకుండా వెళ్లిపోతుంది. ఇంతకన్నా తగిన పేరు మాకు తట్టలేదు. మా ఇంట్లో దాన్ని "వచ్చాడు, పోయాడు" అనే అంటాం. హోదాకి ఆ మాత్రం మర్యాద ఉండాలి.

ఈ కథంతా వాడి మూలాన, వాడి కోసం పెంచిన ఒక మొక్క మూలాన వచ్చింది.

మా బావమరిది కూనూరులో టీ తోటల దగ్గర పనిచేస్తాడు. తాసీల్దారు సంగతి విని వాడికోసం కాగితం పొట్లంలో కాసిని గింజలు పంపాడు. క్యాట్‌మింట్ అంటారట, పిల్లులకి ప్రాణమట. హైమావతి దసరా వెళ్లాక ఒక వెడల్పు కుండీలో ఇసుక ఎక్కువ కలిపిన మట్టి పోసి ఆ గింజలు పైపైన చల్లింది. మొలకలు రాగానే తాసీల్దారు వచ్చి వాటి మీద దొర్లకుండా కూరగాయల బుట్ట బోర్లించింది. కాస్త ఎదిగాక కందికంప పుల్లలు గుచ్చింది. మట్టి వేలికి పొడిగా తగిలితేనే నీళ్లు పోసేది. ఎరువు అసలు వేసేది కాదు. కొసలు గిల్లుతుంటే మొక్క గుబురుగా పెరిగి, బూడిదరంగు ఆకుల మధ్య ఊదారంగు పూల కంకులు వేసింది. మొదటి పూత అయిపోగానే సగానికి సగం కత్తిరించేసేది. నాకైతే ప్రాణం ఉసూరుమనేది.

"పాపం, అంత మొక్కనీ అట్టా కోసేశావేంటి?" అన్నాను.

"కొయ్యకపోతే కాడలు పడిపోయి చస్తుందండీ. కోస్తేనే మళ్లీ పూస్తుంది. మీకు జుట్టు కత్తిరిస్తే మీరు చచ్చారా?" అంది.

మా నోట్లో క్యాట్‌మింట్ అన్న మాట పలక్క, దాన్ని పిల్లి పుదీనా అనుకునేవాళ్లం. ఇంట్లో మేమిద్దరం అనుకున్నంత కాలం ఆ పేరు వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

ఒక సాయంత్రం కమిషనర్ వేణీమాధవ్ గారు మా ఇంటికి వచ్చారు. షాపులో కరెంటు పోయింది, ఆయనేమో ఫ్లెక్సీలో తన కుడి చెవి సగమే పడిందని ఫోన్లో బాధపడుతున్నారు. ఇంటికొస్తే ల్యాప్‌టాప్‌లో చెవి సరిచేసి చూపిస్తానన్నాను. వచ్చి వరండాలో పిల్లి పుదీనా కుండీ పక్కన కూర్చున్నారు. ఆయన ఇల్లు కదిలే ముందే మోచేతుల దాకా, మెడ చుట్టూ దోమల క్రీము పూసుకుని వస్తారు. ఆ వాసన వీధి మలుపులోనే తెలుస్తుంది. సహజంగానే ఒక్క దోమా ఆయన దగ్గరికి పోలేదు. ఉన్నవన్నీ నా మీద పడ్డాయి.

"గోవర్ధనం గారూ, గమనించారా? ఇక్కడ ఒక్క దోమ కూడా లేదు!" అన్నారు ఆశ్చర్యంగా.

"లేదు సార్" అన్నాను పిక్క గోక్కుంటూ. ఫ్లెక్సీ ఇంకా ఓకే కాలేదు మరి.

ఆయన కుండీ వైపు తిరిగారు. ఆకు నలిపి వాసన చూశారు. ఆయన ముఖంలో ఒక పథకం పుట్టడం నేను కళ్లారా చూశాను. "అమ్మా, ఈ మొక్క పేరేంటి?" అని హైమావతిని అడిగారు.

"పిల్లి పుదీనా అంటామండీ. మా పిల్లి కోసం పెంచుకుంటున్నా. దోమల సంగతి నాకు తెలవదు" అంది కాఫీ ఇస్తూ.

మొదటి మాట ఒక్కటే ఆయనకు వినపడింది.

వారం తిరక్కుండానే కౌన్సిల్ తీర్మానం అయిపోయింది. "ఇంటికో పిల్లి పుదీనా, ఊరికి దోమ ఇక రాదు" అనే నినాదంతో నేను ఊరంతా ఫ్లెక్సీలు వేశాను. గోడల మీద పెయింటుతో కూడా రాయించారు. బడి గోడ, ఆస్పత్రి గోడ, శ్మశానం గోడ, ఎక్కడ చూసినా పిల్లి పుదీనాయే. కూనూరు నుంచి లారీల్లో మొక్కలు తెప్పించి, కాలువలు తీయడానికి పెట్టుకున్న మనుషులందర్నీ వాటి పంపిణీకి మళ్లించారు. "దోమ మూలం మీద దెబ్బ కొట్టినప్పుడు కాలువతో పనేముంది?" అన్నారు కమిషనర్ గారు. వినేవాళ్లందరూ తలూపారు. మురుగు కాలువ మాత్రం ఊపడానికి తల లేక ఉన్నచోటే ఉండిపోయింది.

అమలు బాధ్యత శానిటరీ ఇన్‌స్పెక్టర్ కనకారావుది. ఆయన ఇంటింటికీ వచ్చి మొక్క ఇచ్చి, ఉత్తర్వు చదివి వినిపించేవాడు. "పైన తెలిపిన మొక్కకు గృహ యజమాని ఉదయం మరియు సాయంత్రం పుష్కలంగా నీరు అందించవలెను. తగు మోతాదుకు మించి ఎరువు వేయవలెను. మొక్క ఎదుగుదలలో అలసత్వం కనబరచినచో చర్యలు తీసుకొనబడును."

"బాబూ, దీనికి నీళ్లెక్కువైతే వేరు కుళ్లిపోద్ది. ఎరువు వేస్తే ఆకు తప్ప పువ్వుండదు, కాడ నిలబడదు" అంది హైమావతి.

"నిజమేనమ్మా, మీ మొక్క చూస్తే తెలుస్తానే ఉంది. కానీ ఇందులో పుష్కలంగా అని ఉంది గదా. పుష్కలానికి ఒక్క చెంబు తగ్గినా నాకు మెమో ఇస్తారు. నేను పిల్లలుగలవాణ్ణి తల్లీ" అన్నాడు కనకారావు. ఆయన చెడ్డవాడేం కాదు. మెమో అంటే భయం, అంతే.

సగం మొక్కలు కుళ్లిపోయాయి. వాటి స్థానంలో కొత్తవి ఇచ్చారు. మిగిలినవి ఎరువు బలంతో జానెడు ఎత్తు పెరగాల్సింది మోకాలిదాకా సాగి, నిలబడలేక వీధివైపు వాలిపోయాయి. కమిషనర్ గారు తనిఖీకి వచ్చి చూసి, మొక్కలు పౌరులకు నమస్కరిస్తున్నాయని విలేకరులతో చెప్పారు. దానికీ ఒక ఫ్లెక్సీ పడింది.

అప్పుడు పిల్లులు వచ్చాయి.

మొదట మా ఊరివే అనుకున్నాం. తర్వాత పక్క ఊళ్లవి వచ్చాయి. తెల్లవి, నల్లవి, చారలవి, తోక తెగినవి, గర్భంతో ఉన్నవి. పంట కాలువ గట్టు మీద వరస కట్టి వస్తుంటే చూసి, జాతరకి పోతున్నట్టుందని రిక్షావాళ్లు నవ్వుకున్నారు. ప్రతి ఇంటి ముందూ ఒక పిల్లి మొక్క మీద వీపు పెట్టి, నాలుగు కాళ్లూ ఆకాశానికి ఎత్తి, పరవశంగా దొర్లుతూ ఉండేది. పురపాలక కార్యాలయం ముందు నమూనా వనం ప్రారంభోత్సవం నాడైతే ముఖ్య అతిథి గారు "ఈ మొక్క మన భవిష్యత్తు" అంటుండగానే, ఆ భవిష్యత్తు మీద ఏడెనిమిది పిల్లులు పడి పొర్లాడాయి. ఒకటి అతిథి గారి చెప్పు కరుచుకుని కళ్లు తేలేసింది. జనం చప్పట్లు కొట్టారు. అది కార్యక్రమంలో భాగమే అనుకున్నారు.

మర్నాడు అత్యవసర సమావేశం పెట్టారు. ఫ్లెక్సీలకు సంబంధించిన నిపుణుడిగా నన్నూ పిలిచారు. పిల్లులు ఎందుకు వస్తున్నాయన్నది చర్చనీయాంశం. టీలూ బిస్కెట్లూ అయ్యాక కమిషనర్ గారే లేచారు.

"లోతుగా ఆలోచిస్తే కారణం స్పష్టం. మనం ఊళ్లో ప్రతి గోడ మీదా పెద్ద అక్షరాలతో పిల్లి అని రాశాం. అంటే ఏమిటి? ఆహ్వానించాం. పిలిచినవాళ్లు రాకుండా ఉంటారా?"

ఒక ముసలి కౌన్సిలర్ గారు మెల్లగా చెయ్యెత్తారు. "అయ్యా, పిల్లులకి చదువు రాదు గదా?"

"వాటికి చదువు రాదని మన రికార్డుల్లో ఎక్కడైనా ఉందా? అక్షరాస్యత సర్వేలో పిల్లుల్ని చేర్చనే లేదు. ఆధారం లేకుండా ఒక వర్గాన్ని నిరక్షరాస్యులని ముద్ర వేయడం పరిపాలనలో కుదరదు" అన్నారు కమిషనర్ గారు. ఆ కౌన్సిలర్ గారు సిగ్గుపడి కూర్చున్నారు.

కాబట్టి పేరు మార్చాలి. మార్జాల పుదీనా అన్నారొకరు. అది సంస్కృతంలో పిలవడమే అవుతుందని కొట్టేశారు. కుక్క పుదీనా అన్నారింకొకరు. ఊళ్లో కుక్కల బెడద మీద అప్పటికే ఫిర్యాదులున్నాయి. ఈలోగా అన్ని గోడలూ సున్నం వేసి మళ్లీ రాయాలంటే ఖర్చెంతవుతుందని నన్నడిగారు. చెప్పాను. కమిషనర్ గారు బడ్జెట్ పుస్తకం మూసేశారు. అంతలో కనకారావు లేచి నిలబడ్డాడు. పాపం, మెమో భయంలో మనిషికి బుద్ధి ఎంత పదునెక్కుతుందో అప్పుడే చూశాను.

"సార్, గోడంతా మార్చబన్లేదు. 'పి' మీద గుడి తీసేసి కొమ్ము పెడదాం. 'ల్లి' కింద లావొత్తు గీకేద్దాం. అప్పుడు పులి అవుద్ది. పులి పుదీనా! పులి పేరు చూస్తే పిల్లులు హడిలిపోయి ఇటు తొంగి కూడా చూడవు."

చప్పట్లతో తీర్మానం నెగ్గింది. ఒక్క గుడి, ఒక్క కొమ్ము, ఒక్క ఒత్తు. ఇంత పొదుపైన సంస్కరణ పురపాలక చరిత్రలో లేదని మినిట్సులో రాసుకున్నారు.

అమలులో చిన్న చిక్కొచ్చింది. కనకారావు వీధి మధ్యలో నిలబడి, నిచ్చెన మీది పెయింటరుకి వినపడేలా "ముందు గుడి తీసెయ్! పూర్తిగా తీసెయ్! తర్వాత సంగతి తర్వాత!" అని కేకలేశాడు. ఆ గోడ రాములవారి గుడికి ఎదురుగా ఉంది. కాసేపట్లో ఆడామగా వందమంది పోగయ్యారు. పూజారి గారు వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. అక్షరం మీది గుడి అని కనకారావు దణ్ణాలు పెట్టి చెప్పినా ఎవరూ నమ్మలేదు. "తీసేసి ఏం పెడతారు?" అని గద్దించారు. "కొమ్మండీ" అన్నాడు. గుడి తీసేసి కొమ్ము పెడతాడట అని జనం మరింత మండిపడ్డారు. చివరికి బడి పంతులమ్మ వచ్చి, నల్లబల్ల మీద గుణింతం రాసి చూపించాకే శాంతించారు. మొత్తానికి మా ఊళ్లో పిల్లికి కొమ్ము మొలిచి పులి అయింది.

పిల్లులు మాత్రం అలాగే వస్తున్నాయి. ఇంతకు ముందు తెలియక వచ్చాయనుకోవచ్చు. పులి అని రాశాక కూడా వస్తున్నాయంటే అది ధిక్కారమే. అందుకని పట్టివేత బండి బయల్దేరింది. పులి పుదీనా మీద దొర్లుతూ కనిపించిన ఏ పిల్లినైనా పట్టి, జిల్లా సరిహద్దు దాటించి వదలాలని ఉత్తర్వు. "పిల్లిని పట్టివ్వండి, ప్రశంసాపత్రం పొందండి" అన్న ఫ్లెక్సీ కూడా పడింది. ఎక్కడ పడిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఫ్లెక్సీ ఆరబెట్టి ఉండగా హైమావతి అన్నం క్యారియర్ తీసుకుని షాపుకి వచ్చింది. నిలబడి మొత్తం చదివింది.

"ఇది మీరే వేశారా?"

"ఇచ్చిన మేటర్..."

"మన తాసీల్దారు కుండీలో పడుకుంటాడని మీకు తెలీదూ?" అంది. "వాడికి మన గడప తప్ప ఇంకో గడప తెలవదు. ఎక్కడో తీసుకెళ్లి పారేస్తే ఏం తిని బతుకుతాడు?" క్యారియర్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది. ఉప్పు కావాలంటే నేనే లేచి తెచ్చుకునేవాణ్ణి. నేను వేసిన అక్షరానికి అర్థం కూడా ఉంటుందని అప్పుడు తెలిసొచ్చింది. చాలా బాధేసింది. కానీ ఊళ్లో అన్ని గోడలమీదా అప్పటికే ఎక్కేసింది.

ఆవిడ తలుపులన్నీ మూసి తాసీల్దారుని ఇంట్లో ఉంచేది. వాడు కిటికీ దగ్గర కూర్చుని, ఫైలు పోగొట్టుకున్న మొహంతో బయటికి చూస్తూ ఉండేవాడు.

ఇంతలో అటవీ శాఖ దిగింది. జీపులోంచి దిగిన రేంజ్ ఆఫీసర్ భుజంగం గారు నేరుగా కమిషనర్ గారి గదిలోకి వెళ్లారు. "మీ పట్టణ పరిధిలో ఇంటికో పులి ఏదో ఉన్నట్టు గోడల మీద రాసి ఉంది. మాకు ముందస్తు సమాచారం ఎందుకివ్వలేదు?"

"అది మొక్కండీ. పేరు మాత్రమే పులి" అన్నారు కమిషనర్ గారు.

"పులి గోరు తీస్తే నేరం. పులి చర్మం తీస్తే నేరం. పులి పుదీనా తీస్తే నేరం కాదని ఎక్కడుందో చూపించండి."

ఎక్కడా లేదు. ఆ పూటే ఉత్తర్వు వచ్చింది. పులి పుదీనా ఆకు తుంచినా, కొమ్మ కోసినా, కుండీ కదిపినా అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. సరిగ్గా మొదటి పూత అయిపోయే రోజులవి. కత్తిరించాల్సిన మొక్కలన్నీ కత్తిరించకుండా సాగి, వాలి, కాలువల్లో పడి, మురుగుకి అడ్డం వేశాయి. ఊరి చరిత్రలో అన్ని దోమలు ఎన్నడూ లేవు.

నియమాల ప్రకారం గణన కూడా చేయాలట. భుజంగం గారి మనుషులు ప్రతి కుండీ చుట్టూ వంగి, తడి మట్టిలో అడుగుజాడలు వెతికి, కొలిచి, ఫోటోలు తీశారు. మా వీధి అరుగు మీద కూర్చుని ఆయన నివేదిక రాస్తుంటే నేను పక్కనే ఉన్నాను.

"అడుగులు పులి మొక్క దగ్గర దొరికాయి కాబట్టి పులివే. పరిమాణం చూస్తే బాగా చిన్నవి. అంటే పిల్లలు. గోవర్ధనం గారూ, మీ ఊరు చాలా అదృష్టం చేసుకుందండీ. ఇన్ని పులి పిల్లలు దేశంలో ఇంకెక్కడా లేవు!" అన్నారు. ఆయన కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి.

పులి పిల్లల్ని ఏం చేస్తారని అడిగాను.

"ఇంకేం చేస్తాం? పట్టుకుని దట్టమైన అడవిలో వదులుతాం. వాటి సహజ నివాసం అదే కదా."

ఇంటికెళ్లి ఆ మాట హైమావతికి చెప్పాను. అన్నాళ్ల తర్వాత నావైపు తిరిగి చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయమే ఉంది. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. సరిగ్గా ఆ సమయానికి పాలవాడి కోసం తలుపు ఓరగా తీసి ఉండడంతో తాసీల్దారు బయటికి జారుకున్నాడు. మేం గమనించి పరిగెత్తేసరికి వాడు మా కుండీలోనే వెల్లకిలా పడి, కళ్లు మూసుకుని, ముక్కు మీద ఊదాపువ్వు ఒకటి పెట్టుకుని ఉన్నాడు. అప్పటికే బండి వచ్చి ఆగింది. మేం గేటు దాటేలోగా వాణ్ణి వలలో వేసుకుని పోయారు.

పురపాలక కార్యాలయానికి మేం చేరేసరికి వరండాలో బోనూ, బోను చుట్టూ తగాదా ఉన్నాయి. "ఇది పిల్లి. పట్టింది మేము. జిల్లా సరిహద్దుకి మా బండి సిద్ధం" అంటున్నారు కమిషనర్ గారు. "ఇది పులి పిల్ల. మీకు ముట్టుకునే అధికారమే లేదు. అడవికి మా జీపు సిద్ధం" అంటున్నారు భుజంగం గారు. బోనులో తాసీల్దారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి పెద్దగా ఆవులించాడు.

నేను జీవితంలో మొదటిసారి ఒక అధికారి ముందు గొంతు పెంచాను. "సార్, అది మా పిల్లి సార్! దయచేసి వదిలెయ్యండి!"

"గోవర్ధనం గారూ, భావోద్వేగాలు వేరు, విధానం వేరు" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆ ఒక్క విషయంలో రెండు శాఖలకీ ఏకాభిప్రాయం కుదిరింది. చివరికి ఉమ్మడిగా పంచనామా రాసి, తుది నిర్ణయం తీసుకుందామనుకున్నారు. కనకారావు కాగితం తీసి, మా ఆవిడ వైపు తిరిగి, తల దించుకునే అడిగాడు.

"పేరేంటమ్మా?"

హైమావతి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆఫీసు గోడ మీద కొమ్ముతో ఉన్న పులి వైపు ఒకసారి చూసింది. కమిషనర్ గారి వైపు చూసింది. తర్వాత నావైపు చూసింది. కాపురానికొచ్చిన నాటి నుంచీ చూస్తున్నాను, ఆ చూపు వచ్చిందంటే ఎవరో ఒకరికి మూడిందని అర్థం.

"తాసీల్దారు" అంది.

కనకారావు రాయబోయి ఆగాడు. "అంటే... తాసీల్దారు గారి పిల్లా?"

"కాదు బాబూ. తాసీల్దారే. పేరే అది. ఉన్నదున్నట్టు రాయి."

రాశాడు. రాసింది అధికారుల ముందు చదివాడు. "పై తేదీన పురపాలక సిబ్బంది తాసీల్దారును కుండీలో వెల్లకిలా పడి ఉండగా వలవేసి పట్టి, బోనులో బంధించి, జిల్లా సరిహద్దు ఆవల విడిచిపెట్టుటకు నిర్ణయించడమైనది. సంతకం, కమిషనర్."

కమిషనర్ గారి పెన్ను గాల్లోనే ఆగిపోయింది. "దీని మీద నేనెలా సంతకం పెడతాను? తాసీల్దారుని జిల్లా దాటించే అధికారం పురపాలక సంఘానికి ఎక్కడిది? పై నుంచి బదిలీ ఉత్తర్వులుండాలి."

"పోనీ అటవీ శాఖ వారు తీసుకెళ్తామన్నారు కదండీ, వారితో పెట్టించండి" అంది హైమావతి ఎంతో వినయంగా.

భుజంగం గారు ఒక అడుగు వెనక్కి వేశారు. "తాసీల్దారును అడవిలో వదిలిపెట్టానని నా చేత్తో రాసిస్తే, రేపు రెవెన్యూ వాళ్లు ఊరుకుంటారా? జీపు డీజిల్ బిల్లు కూడా పాస్ కాదు."

"సార్, పేరు మాత్రమే తాసీల్దారు. మనిషి... అంటే జీవి వేరు" అని కనకారావు సర్దిచెప్పబోయాడు.

"ఏమయ్యా, పేరు మాత్రమే పులి అని నేనంటే వాళ్లు విన్నారా?" అని కసిరారు కమిషనర్ గారు. అన్నాక తనే ఉలిక్కిపడి, ఎవరైనా విన్నారా అని అటూ ఇటూ చూశారు. అందరూ విన్నారు. ఆ వరండాలో అందరికీ ఒక్క క్షణం నిజం తెలిసింది. మరుక్షణం అందరూ దాన్ని మర్యాదగా పక్కన పెట్టి పనిలో పడ్డారు.

తాసీల్దారుని పంపడానికి అధికారం లేదు. బోనులో ఉంచడానికి అంతకన్నా లేదు. బాగా పొద్దుపోయాక కమిషనర్ గారు ఒక మధ్యేమార్గం కనిపెట్టారు. దాన్ని నేనే టైపు చేసి ప్రింటు తీశాను. ఆ కాగితం ఇప్పటికీ మా హాల్లో ఫ్రేము కట్టి ఉంది. "తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు తాసీల్దారు గారిని యథాస్థానములో, అనగా గోవర్ధనం గారి గృహమున కొనసాగించడమైనది. వారి విధులకు ఎవరునూ ఆటంకము కలిగించరాదు."

బోను తలుపు తీశారు. తాసీల్దారు బయటికి వచ్చి, ఒళ్లు విరుచుకుని, ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగాడు. కనకారావు అలవాటు కొద్దీ నమస్కారం పెట్టాడు. హైమావతి వాణ్ణి ఎత్తి గుండెలకి అదుముకుని దారి పొడుగునా ఏడుస్తూ, నవ్వుతూ నడిచింది. "ఇంటికెళ్లాక ఉప్పు నేనే వడ్డిస్తాలెండి" అంది నాతో. అంతకన్నా పెద్ద ఉత్తర్వు నాకెప్పుడూ అందలేదు.

పులి గొడవ తేలక, కొన్నాళ్లకి కొమ్ముకు దీర్ఘమిచ్చి, 'లి' మీద గుడి కూడా తీసేసి, పూల పుదీనా చేశారు. ఈసారి కనకారావు పెయింటరుకి సైగలతోనే చెప్పాడు. అటవీ శాఖ వెళ్లిపోయింది. పూలన్నారు కాబట్టి దేవాదాయ శాఖ బయల్దేరిందని వినికిడి. హైమావతి ఇవేవీ పట్టించుకోకుండా, పేరు మారిన మర్నాడు తెల్లారగానే కత్తెర తీసుకుని మా మొక్కని సగానికి సగం కత్తిరించింది. అది మళ్లీ చిగురేసింది.

మొక్క కత్తిరించిన ఉదయమే ఎవరో గేటు కొట్టారు. వెళ్లి చూస్తే చేతుల్లో కాగితాలతో ముసలాయన ఒకడు, ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. తాసీల్దారు ఉత్తర్వు సంగతి అప్పటికి ఊరంతా పాకినట్టుంది.

"తాసీల్దారు గారు ఇక్కడే ఉంటున్నారంట గదా బాబూ? ఆదాయం సర్టిఫికెట్టు కోసం ఆర్నెల్లుగా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాం" అన్నాడు ముసలాయన.

కుర్చీ వైపు చూశాను. "ఉన్నారు గానీ... తిని పడుకున్నారండీ" అన్నాను.

ముసలాయన మొహం వెలిగిపోయింది. వెనక్కి తిరిగి ఆడవాళ్లతో, "నేను చెప్పలా? ఆయనేనే, అనుమానం లేదు!" అని, అరుగు మీద తుండుగుడ్డ పరుచుకుని కూర్చున్నాడు.